పెళ్లికొడుకు చేతుల కొలత

ఆ రోజుల్లో అచ్చులో ఉన్నదంతా నిజమే అనుకునేవాళ్లం. అందులోనూ అట్ట గట్టిగా ఉండి లోపల బొమ్మలుంటే ఇక తిరుగులేదు. 1974లో నేను లా మొదటి సంవత్సరం చదువుతూ గవర్నర్‌పేటలో మా మేనత్త ఇంటి మేడగదిలో ఉండేదాన్ని. పాత పుస్తకాల కొట్లో నేరశాస్త్రం పుస్తకం ఒకటి దొరికింది. వెనకటి శతాబ్దంలో ఇటలీ డాక్టరొకాయన ఖైదీల పుర్రెలూ దవడలూ కొలిచి, నేరస్థులు తయారవరు, అలాగే పుడతారని తేల్చాడట. కలిసిన కనుబొమలు, పొడుచుకొచ్చిన చెవులు, బరువైన దవడ, అన్నిటికీ మించి, రెండు చేతులూ చాచితే మనిషి ఎత్తును దాటిపోయే బార. పక్కనే వరసగా ఖైదీల ముఖాలు. దీపం ఎటు జరిపినా ఆ కళ్లు నా వైపే తిరిగేవి.

వారం తిరిగేసరికి ఆ ముఖాలు పుస్తకంలోంచి ఊళ్లోకి దిగాయి. పాలాయన దవడ చూశాక గిన్నె గుమ్మం బయటే పెట్టడం మొదలుపెట్టాను. సిటీ బస్సులో కండక్టరు చెవులు చూసి ముందు స్టాపులోనే దిగి ఎండలో నడిచాను (చెవులు మాత్రం నిజంగానే పెద్దవి).

సరిగ్గా అప్పుడే, అత్తయ్య ఇంట్లోనే పెళ్లిచూపులు. అబ్బాయిది కంకిపాడు, మంగళగిరిలో లెక్కల మాస్టారు. "కాదనాలంటే సరైన కారణం చెప్పు. చదువుకుంటున్నదానివి, ఊరికే వద్దంటే వినను," అని నాన్న ముందే తేల్చేశాడు. ఆ సాయంత్రం కృష్ణ మీంచి గాలివాన లేచింది, కరెంటు పోయింది. పెళ్లికొడుకు తల వంచి గుమ్మం దాటుతుంటే, లాంతరు వెలుగులో ఆయనకంటే ముందే ఆయన చేతుల నీడలు గోడ మీద పాకుతూ నా దాకా వచ్చాయి. తలెత్తాను. కనుబొమలు కలిసి ఉన్నాయి.

"ఆజానుబాహువే! రాజలక్షణం తల్లీ," అని నాయనమ్మ నా చెవిలో మురిసిపోయింది.

"జైలు లక్షణం నాయనమ్మా."

"నోరు ముయ్యి. కాఫీ ఇవ్వు."

కాఫీ పట్టుకుని నడుస్తుంటే ఆ చెయ్యి కుర్చీలోంచి కదలకుండానే నా దగ్గరికి వచ్చింది. కనుబొమలంటే నాన్న నవ్వుతాడు. బార కొలిచి చూపిస్తే ఏమంటాడు? లోపలికెళ్లి అత్తయ్య కుట్టుమిషను మీది టేపు తెచ్చాను.

"ఒకసారి చేతులు చాపుతారా అండీ?"

ఆయన లేచి చేతులు చాపారు. గోడ మీద నీడ ఈ మూల నుంచి ఆ మూలకి పరుచుకుంది. వేలికొన దగ్గర టేపు ఆనించి ఛాతీ మధ్యకు లాగాను.

మా వైపు పెళ్లికొడుక్కి బట్టలు ఆడపెళ్లివారే కుట్టించాలి, కొలతలు తీసేది సంబంధం ఖాయమయ్యాకే. ఆ సంగతి నాకు గుర్తులేదు. అత్తయ్యకు గుర్తుంది.

"ఓసినీ! పిల్లే చొక్కా కొలతలు తీసేస్తోంది. ఇంకేం కావాలన్నయ్యా?"

"ముదురు రంగు వద్దు వదినగారూ, వాడికి నప్పదు," అంది వాళ్లమ్మ.

అందరూ ఒక్కసారి నవ్వారు. ఆ గోలలో నాకొక్కదానికే వినపడేలా ఆయన అన్నారు: "మీ చేతులు వణుకుతున్నాయి. ఇష్టం లేకపోతే చెప్పండి. నాకే నచ్చలేదని ఇంటికెళ్లి కబురు చేస్తాను. మాట మీ మీద పడదు."

లాంతరు వెలుగులో ఆ ముఖం చూశాను. అవే కనుబొమలు, అదే దవడ.

"చెయ్యి దించకండి," అన్నాను. "రెండోవైపు కొలవాలి. చొక్కా బిగుతైతే మావాళ్లకు మాటొస్తుంది."

ఆ పుస్తకంలో తరువాతి అధ్యాయం పెళ్లయిన మూడో నెల చదివాను. ఇంకో డాక్టరు ఖైదీలనూ మామూలు మనుషులనూ పక్కపక్కన కొలిచి, చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదని ఎప్పుడో తేల్చేశాడట. టేపు పట్టుకుని నిలబడ్డ ఆ పిచ్చిపిల్లను తలుచుకుని ఇప్పుడు నవ్వుకుంటాను. ఆ అధ్యాయం ముందే చదివి ఉంటే మాత్రం బుద్ధిగా కాఫీ ఇచ్చి, తల వంచుకుని లోపలికి వెళ్లిపోయేదాన్ని. ఆయన అన్న ఆ మాట వినేదాన్నే కాదు. అది తలుచుకుంటేనే ఒళ్లు జలదరిస్తుంది.