గ్రహణం నాటి వంకాయ

మిర్యాలగూడ మిల్లులో ఉడికించిన వడ్లు ఆరబోసే ఈశ్వరమ్మ, పున్నమి నాడు పొద్దుగూకితే కత్తిపీట ముట్టదు. కడుపుతో ఉన్నప్పుడు ఒక సాయంత్రం, తెలియక, వాకిట్లో వంకాయలు తరిగింది. తలెత్తి చూస్తే చందమామ సగం కొరికినట్టున్నాడు. ఆ కాన్పులో మంగ పుట్టింది, పై పెదవి చీలి. గ్రహణం మొర్రి అన్నది వాడంతా. అప్పటి నుంచి బిడ్డ ముఖం చూసినప్పుడల్లా ఈశ్వరమ్మకు తన చెయ్యే కనపడేది.

మంగకు తొమ్మిదేండ్లు వచ్చాయి. నవ్వు వస్తే ముందు అరచెయ్యి వచ్చేది నోటికి అడ్డంగా.

నిజాం మీద పోలీసు చర్య జరిగిన మరుసటేడు, బడిలో పాఠాలు చెప్పే సరోజ టీచరమ్మ మళ్ళీ మిల్లుకొచ్చింది.

"పట్నం దవాఖానల పెదవి కుడ్తరు. నువ్వు ఊ అంటె చాలు, ఈశ్వరమ్మా."

"వద్దు టీచరమ్మా. గ్రహణం పెట్టిన గీత. చెరిపితె పిల్లనే తీస్కపోతది."

మిల్లు పొగగొట్టం పక్కన నిండు చందమామ లేస్తున్నాడు. సరోజ అటు చూపింది. "ఆయనెవరనుకున్నవ్? రాయి. పైన మెత్తటి దుమ్ము."

వడ్లు కుప్పజేస్తున్న బుచ్చమ్మ కిసుక్కుమంది. "టీచరమ్మ పోయి ఊడ్చొచ్చినట్టున్నది!"

"పోయినోళ్ళు లేరు, ముట్టినోళ్ళు లేరు. సైన్సోళ్ళు పెద్ద దుర్బీనుకు వేడి కొలిచేది బిగించి, గ్రహణం నాడు సూసిండ్రు. భూమి నీడ పడంగనె పైన వేడి జల్దిన పడిపోయింది. ఉత్త బండైతె గంత తొందరగ సల్లారదు. దుమ్మే సల్లారుతది."

"ఆ నీడ నా కడుపు మీద పడలేదా?"

ఈ మాట ఇన్నేండ్లలో ఈశ్వరమ్మ ఎవరినీ అడగలేదు. సరోజ ఆమె చెయ్యి పట్టుకుంది.

"గాడ, ఆ రాయి మీద పడ్డది. నీ దనుక రాలె. నువ్వు కోసింది వంకాయనే."

అందరూ పోయాక ఈశ్వరమ్మ కళ్ళంలో నిలబడింది. అరికాలి కింద బండ పగటి ఎండను ఇంకా కడుపులో దాచుకుని ఉంది. పక్కన ఊక బూడిద మీద అడుగు వేసింది. మధ్యాహ్నం కాలు కాల్చిన బూడిదే, పైపైన చల్లగా ఉంది. పైకి చూసింది. ఆనాడు వాకిట్లో తాను భయపడుతుంటే, అక్కడ చందమామ ఒక్కడే చలికి వణికాడన్నమాట. పాపం.

ఇంటికొచ్చి, వెన్నెట్లో కత్తిపీట వాల్చింది.

"అమ్మా, ఇయ్యాల పున్నం!" మంగ ఉలిక్కిపడింది.

"ఎరికే బిడ్డా."

వంకాయ చీలి, నీళ్ళలో పడింది. ఏమీ కాలేదు.

"రేపు టీచరమ్మతోని పట్నం పోదాం. పెదవి కుట్టిపిద్దాం."

"నొస్తదా?"

"జర నొస్తది. నేనుంట గద."

మంగ దగ్గరికి జరిగి, బుట్టలోంచి ఇంకో వంకాయ అందించింది.