తబేరా అత్త మొగలికొమ్మ

“ఇవ్వనంటే చచ్చిపోతావా అత్తా?”

ఈ ప్రశ్న వేసింది నేనే. అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. సువా పట్నంలో చదువుతూ సెలవులకు మా దీవి వాఘినాకి వచ్చాను. లోకంలో అన్నిటికీ జవాబు తెలుసనుకునే వయసు. తబేరా అత్త చాప అల్లుతూ తల కూడా ఎత్తలేదు.

“పోయినేడు ఓడెక్కబోతూ నన్ను చాప అడిగావు. లేదంటే ఏమనుకునేదానివి?”

పిసినారి ముండ అనుకునేదాన్ని.

మాలో దీన్ని బుబుసి అంటారు. చుట్టరికం ఉన్నవాడు నోరు తెరిచి అడిగితే కాదనకూడదు, అడిగింది పడవైనా, పందైనా. కాదన్న మనిషి పేరు మనవల కాలం దాకా నోళ్ళలో నానుతుంది. బయటి పండితులు వచ్చి ఈ గుణాన్ని చూసి మురిసిపోతారు. మా పాస్టరుగారు ఆదివారమాదివారం పొగుడుతారు. ఇచ్చేసిన వాళ్ళకి ఏం మిగిలిందని మాత్రం ఎవరూ అడగరు.

తబేరా అత్తకి మిగలనిది ఒక చెట్టు.

మా పాత దీవిలో, పడమటి ఒడ్డున, ఆమె తల్లి నాటిన మొగలిచెట్టు ఉండేది. మాకు మొగలి అంటే పువ్వు కాదు, తిండి. పండు తొనలు నమిలి రసం పీలుస్తాం. మిగతావి ఉడికించి, గుజ్జు తీసి, ఎండలో తాండ్ర వేస్తాం. వాన మొహం చాటేసిన ఏళ్ళలో ఆ తాండ్రే ప్రాణాలు నిలిపేది. ఒక్కో కుటుంబానిది ఒక్కో రకం, ఒక్కో రుచి. గింజ నాటితే తల్లి గుణం రాదు. ఏ అడవి చెట్టో, అసలు కాయని మగచెట్టో లేస్తుంది. అదే చెట్టు కావాలంటే కొమ్మ నరికి నాటాలి. మా తాతముత్తాతలు దీవి నుంచి దీవికి మంచి మొగలిని మోసింది అలాగే, పడవల్లో, కొమ్మలుగా.

కరువు ముదిరి, అరవై మూడులో మమ్మల్నందరినీ ఓడెక్కించి ఈ సాలమన్ దీవుల్లోని వాఘినాలో దింపారు. నేను చంటిపిల్లని. అత్తకి పాతికేళ్ళుంటాయి. తన తల్లి చెట్టు నుంచి చేతి పొడుగు కొమ్మ నరికి, తడి చాపలో చుట్టి, తన వంతు తాగే నీళ్ళలో సగం దానికే పోస్తూ తెచ్చింది. ఆమె పెదనాన్న కొడుకు బౌటూ తెచ్చుకున్న కొమ్మ డెక్కు మీద ఎండి కట్టెయింది. ఓడ దిగుతుండగానే అతను చెయ్యి చాపాడు.

“చెల్లీ, అది నాకియ్యి.”

“ఇది మా అమ్మది అన్నయ్యా.”

“అందుకేగా అడిగేది. ఏదో ఒకటైతే ఇక్కడి అడవిలో నరుక్కోనా?”

“నాటుకోనీ. పక్క కొమ్మ వేయగానే నీకే ఇస్తా.”

“అది వేసేదాకా నా పిల్లలు నీ మొహం చూస్తూ కూర్చోవాలా?”

వెనకనుంచి ఒక ముసలామె నవ్వింది. “కొమ్మకి కూడా వాయిదాలేనా తబేరా? కొత్త దేశం గాలి అప్పుడే సోకిందే.”

అత్త ఇచ్చేసింది.

బౌటూ చెడ్డవాడు కాదు. చెడ్డవాడే అయితే నాకు ఈ కథ చెప్పడం తేలికయ్యేది. పాత దీవిలో చేసినట్టే లోతుగా గొయ్యి తీసి నాటాడు, రోజూ నీళ్ళు పోశాడు. మూడో నెలలో కొమ్మను పీకి అత్త వాకిట్లో పెట్టాడు.

“కుళ్ళిపోయింది చెల్లీ.”

“నీళ్ళు పోశావా?”

“రెండు పూటలా.”

“ఇక్కడ రోజూ వాన పడుతోందిగా అన్నయ్యా.”

“అలవాటు.”

ఇక్కడి మొగలి ఆకు చాపలకి పనికొస్తుంది, పండు మాత్రం నాలుక దురద. అత్త ప్రతి చెట్టు పండూ ఒకసారి కొరికి ఉమ్మేసింది. పాత దీవికి వెళ్ళే ఓడ లేదు.

నేను ఆ ప్రశ్న అడిగిన మరుసటి ఏడు యోటెబా వచ్చాడు. టరావా దీవి మనిషి, చేపల ఓడలో నావికుడు. ఆ ఓడ మా పాత దీవి వైపు వెళ్తుందట. తల్లి చెట్టు కొమ్మ ఒకటి తేవడానికి ఎంత తీసుకుంటావని అడిగింది అత్త.

“రెండొందల డాలర్లమ్మా. సగం ముందివ్వాలి.”

“నువ్వు మాకేమీ చుట్టం కావుగా?”

“ఏడు తరాలు వెతికినా కాను.”

“మంచిది,” అంది అత్త. ఆమె మొహంలో అంత నెమ్మది నేనెప్పుడూ చూడలేదు. ఊరికే పట్టుకుపోయే మనుషుల మధ్య, వెల చెప్పిన మనిషి దొరికాడు. పది చాపలు అమ్మి వంద చేతిలో పెట్టింది.

పదకొండు నెలలకి అతను ఉత్త చేతులతో వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

“పడమటి ఒడ్డే లేదమ్మా. సముద్రం కోసేసింది. చెట్టు బోర్లాపడి ఉప్పునీళ్ళలో ఉంది. ఒక్క పచ్చాకు లేదు.”

“చుట్టూ చూశావా?”

“దీవంతా తిరిగాను. మిగతావి అడవి చెట్లే.”

అత్త అల్లుతున్న చాప చివర మడిచింది. “మిగతా వంద మెల్లగా ఇస్తాను.”

“కొమ్మే తేలేదు, డబ్బెందుకమ్మా?”

“వెళ్ళి చూశావుగా. బేరం బేరమే.”

ఆ వంద కోసం అల్లిన చాపలు ఇంట్లో నిలవలేదు. బౌటూ మనవరాలి పెళ్ళికి రెండు పోయాయి. పాస్టరుగారి ఇంటికి ఒకటి. ఉద్యోగంలో చేరబోతూ నేనొకటి అడిగాను. అడిగినప్పుడు ఆ పాత ప్రశ్న నాకు గుర్తుకే రాలేదు. అత్త లోపలికి వెళ్ళి తెచ్చి ఇచ్చింది. ఎనిమిదేళ్ళలో, ఓడ ఈ రేవుకి వచ్చినప్పుడల్లా ఐదూ పదీ చొప్పున యోటెబాకి అరవై చేరాయి.

తొంభై నాలుగులో అత్త జ్వరంతో పోయింది. ఈ మనిషి జీవితంలో ఎవరినీ కాదనలేదని పాస్టరుగారు చెప్తుంటే అందరూ తలలూపారు. నేనూ ఊపాను. ఆమెను చుట్టడానికి ఇంట్లో ఒక్క చాప లేదు. బౌటూ ఇంటినుంచి తెచ్చారు. అదీ ఆమె అల్లిందే.

యోటెబాకి ఇంకా నలభై డాలర్లు ఇవ్వాలి.