ఇసుక దిబ్బల్లో ప్యాకప్

మా ఆయన సినిమా కంపెనీల్లో ప్రొడక్షన్ మేనేజరుగా పనిచేసి రిటైరయ్యారు. తెర మీద ఆయన పేరు పడే సమయానికి జనం సీట్లలోంచి లేచి కాళ్ళతో చెప్పులు వెతుక్కుంటూ ఉంటారు. పని మాత్రం పొద్దున్నే అందరికంటే ముందు ఆయనదే మొదలయ్యేది. ఎవర్ని ఎన్నింటికి తీసుకురావాలి, ఎవరు ఇడ్లీ తింటారు, ఎవరికి పంచదార లేని టీ కావాలి, సాయంత్రం షూటింగ్ ముగిసి ప్యాకప్ అన్నాక అందరూ బండ్లెక్కారా లేదా, ఇదంతా ఆయన తలలోనే ఉండేది. నేను మోతీనగర్‌లో ఒక స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. అయినా ఇంట్లో లెక్క తప్పేది నేనే, ఆయన కాదు.

ఫిల్మ్‌నగర్‌లో మా ఫ్లాటు ఒక రాతిగుట్టను ఆనుకుని ఉంటుంది. ఏటా చలి మొదలవగానే చుట్టాలు దిగేవారు. షూటింగ్ చూపించమనేవారు, హీరోల ఇళ్ళు చూపించమనేవారు. జూబ్లీహిల్స్‌లో హీరోల ఇళ్ళంటే ఏముంటుంది? ఎత్తయిన గేటు, దాని పక్కన కుర్చీలో కునికిపాట్లు పడే సెక్యూరిటీ మనిషి. బాగా అలిసిపోయిన రోజున మా ఆయన ఎదురుగా కనిపించిన పెద్ద గేటుకల్లా ఒక హీరో పేరు పెట్టేసేవారు. పళ్ళ డాక్టరుగారి ఇంటి ముందు ఫొటో దిగి, దాన్ని ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకున్న చుట్టం ఒకాయన మాకు ఇప్పటికీ ఉన్నాడు.

కిందటి చలికాలం మాత్రం వ్యవహారం తిరగబడింది. మా అల్లుడు సోలార్ కంపెనీలో పనిచేస్తాడు. అతన్ని జైసల్మేర్‌కి మార్చారు. "చలికాలమంతా ఇక్కడే ఉండండి నాన్నా, చుట్టాల్ని కూడా ఇక్కడికే పిలుద్దాం, ఎడారి చూస్తారు" అంది మా అమ్మాయి. చుట్టాలకి అంతకంటే కావలసిందేముంది? హైదరాబాదులో గేట్లు చూసి చూసి విసిగిపోయి ఉన్నారు.

అమ్మాయి పిలిచింది ఎడారి కోసం కాదని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు.

మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, పోయేముందు రెండు మూడేళ్ళు మనుషుల్ని గుర్తుపట్టలేదు. టోలిచౌకిలో వాళ్ళింటికి మేం వెళ్ళినప్పుడు మా ఆయన మొహంలోకి చూసి, ఎంతో మర్యాదగా, "ఎవరి తాలూకండీ మీరు?" అని అడిగారు. పక్క మంచం మీద పడుకుని పెరిగిన తమ్ముణ్ణి. ఆ రోజు ఇంటికొచ్చాక మా ఆయన అన్నం ముట్టలేదు. అప్పట్నుంచీ ఆయనకి ఒకటే భయం, తనకీ అదే రాబోతోందని. చిన్నచిన్నవి మర్చిపోవడం కూడా అప్పుడే మొదలైంది. ఒక పెళ్ళికి పట్టుపంచె కట్టుకుని ఒకరోజు ఆలస్యంగా బంజారాహిల్స్ వెళ్ళొచ్చారు. చాలాకాలం తనతో కలిసి పనిచేసిన మనిషి రోడ్డు మీద ఎదురైతే, భుజం మీద చెయ్యేసి కబుర్లన్నీ చెప్పి, ఇంటికొచ్చి నన్నడిగారు, "వాడి పేరేంటోయ్?" అని. అమ్మాయి ఫోన్లో ఇవన్నీ విని, "ఇంకొక్కటి జరిగితే పరీక్షలు చేయిద్దాం అమ్మా" అంది. ఫోను స్పీకర్లో ఉంది. ఆయన విన్నారు.

బయల్దేరేముందు సూట్‌కేసు మూత నొక్కి పట్టుకుని, "ఈ చలికాలం నా చేతుల మీదుగా నడవనియ్యి. ఒక్క పొరపాటు జరక్కుండా నడిపిస్తే నా తల బాగానే ఉన్నట్టు. నాకు నేను చెప్పుకోవాలి కదా" అన్నారు. సరేనన్నాను. ఇంకేమనను?

కింద మా వాచ్‌మన్ భార్య సామాను అందుకుంటూ, "ఏంది మేడం, గీ చలికి అందరు దుప్పట్లు కప్పుకొని ఇంట్ల కూసుంటే మీరు గా ఎడారికి పోతుండ్రా? సార్‌ను జర పైలంగ చూస్కోండ్రి" అంది. ఆమెకి కూడా తెలిసిపోయిందన్నమాట.

జైసల్మేర్‌లో మా ఆయనకి ప్రాణం లేచొచ్చింది. ముందు మా వదినగారు, అంటే ఆయన అక్కయ్య, దిగారు. తర్వాత మా వియ్యాలవారు. ఇంట్లో వంట, నీళ్ళ బకెట్ల దగ్గర వంతులు, జీపులు మాట్లాడ్డం, అన్నీ ఆయనే. రేపు దిబ్బలకి వెళ్ళాలంటే ఇవాళ రాత్రే ఒక్కొక్కరి గుమ్మం దగ్గరికీ వెళ్ళి, "కాల్ టైం ఆరు. ఆరంటే ఆరే" అని చెప్పొచ్చేవారు. షూటింగుకి హాజరవ్వాల్సిన వేళని కాల్ టైం అంటారని తెలియక మా వియ్యపురాలు, "ఆరింటికి ఎవరు ఫోన్ చేస్తారండీ?" అని నన్నడిగింది.

ఎడారి కూడా సినిమా పాటల్లో చూపించినట్టు ఉండదు. ముళ్ళపొదలు, మేకలు, గాలికి కొట్టుకొచ్చిన చిప్స్ ప్యాకెట్లు దాటి చాలా దూరం పోతే అప్పుడు దిబ్బలొస్తాయి. వచ్చాక మాత్రం మాట రాదు. ఆయన ఇక్కడికి యూనిట్లతో ఎన్నోసార్లు వచ్చారు. మొదటి రోజు దిబ్బ ఎక్కి అటూ ఇటూ చూసి, "ఇంత బాగుంటుందా ఇది! నేను భోజనాల టెంటు తప్ప ఏం చూశాను గనక" అన్నారు. జాలేసింది నాకు.

సాయంత్రం తిరుగు ప్రయాణానికి ఆయనకొక పద్ధతి ఉండేది. యూనిట్లో మనుషుల్ని ఒక్కొక్కర్నీ పిలిచేవారు కాదట, శాఖల్ని పిలిచేవారట. ఇక్కడా అంతే. మెడలో ఈల. ఈల వేసి, "ప్యాకప్!" అని అరిచి, జీపుల పక్కన నిలబడి పిలుపు మొదలెట్టేవారు. ఫొటోలు తీసే అల్లుడు కెమెరా. గంటకో శాలువా మార్చే వదినగారు కాస్ట్యూమ్స్. జాగ్రత్తగా చూసుకోవలసిన వియ్యాలవారు ఆర్టిస్టులు. అందరికీ పని చెప్పే అమ్మాయి డైరెక్షన్. నాలుగేళ్ళ మనవరాలు సౌండ్. "కెమెరా ఎక్కిందా? ఆర్టిస్టులు ఎక్కారా? సౌండ్ ఎక్కిందా?" అంటే లోపల్నుంచి "ఎక్కింది తాతా!" అని చెవులు చిల్లులు పడేలా కేక. నేను ఆ సమయానికి వెనకాల హాట్‌బాక్సులు, చాపలు సర్దుతూ ఉండేదాన్ని. నెలంతా ఒక్క పొరపాటు జరగలేదు. రాత్రి పడుకునేముందు, "చూశావా?" అనేవారు. "చూశాను" అనేదాన్ని.

చుట్టాలు బయల్దేరేముందు ఆఖరిసారి అందరం కలిసి వెళ్ళాం. రెండు జీపులు. ఆ రోజు ఉప్మా మిగల్లేదు, హాట్‌బాక్సులు డ్రైవరే సర్దేశాడు. ఒంటె మీద ఎవరు ముందు ఫొటో దిగాలని వదినగారూ వియ్యపురాలూ నవ్వుతూనే మాటలు విసురుకుంటున్నారు. నాకు విసుగొచ్చి దిబ్బ అవతలి వైపుకి దిగి కూర్చున్నాను. ఇసుక పైన చల్లగా ఉంది, వేళ్ళు లోపలికి పెడితే ఇంకా వెచ్చగా ఉంది. పెళ్ళయ్యాక అంతసేపు ఏ పనీ లేకుండా ఒక్కదాన్నే కూర్చున్నట్టు నాకు గుర్తులేదు. ఈల వినిపించింది. వస్తాన్లే, ఇంకా పిలుపులు అవ్వాలిగా అనుకున్నాను. కళ్ళు మూసుకున్నాను కూడా.

జీపుల చప్పుడు దూరమైపోతుంటే లేచాను. చెప్పులు చేత్తో పట్టుకుని దిబ్బ ఎక్కేసరికి రెండు జీపుల వెనక లైట్లు ఎర్రగా పోతున్నాయి. నా ఫోను అమ్మాయి సంచిలో ఉంది. ఒక జీపులో వాళ్ళు నేను రెండో జీపులో ఉన్నాననుకుని ఉంటారు. ముందు ఒళ్ళుమండింది. తర్వాత నవ్వొచ్చింది. ఆ తర్వాత ఆయన గుర్తొచ్చి భయం వేసింది. నా కోసం కాదు. ఈ సంగతి బయటపడ్డ క్షణంలో ఆయన మొహం ఎలా ఉంటుందో అని.

ఇంకా వెలుతురుండగానే ఒక జీపు తిరిగొచ్చింది. అది ఆగకముందే ఆయన దూకేశారు. ఒక కాలికే చెప్పుంది. ఇసుకలో పడుతూ లేస్తూ వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నారు. వెనకే అమ్మాయి పరిగెత్తుకొచ్చింది. నన్ను తల నుంచి కాళ్ళదాకా చూసుకుంది, ఊపిరి పీల్చుకుంది, తర్వాత తలతిప్పి వాళ్ళ నాన్న వైపు చూసింది. ఆ చూపు నేను తట్టుకోలేకపోయాను.

"ఇంత కంగారేంటే?" అన్నాను గట్టిగా. "మీరు వెళ్ళి వాళ్ళని దింపి రండి, నేను కాసేపు కూర్చుంటానని నాన్నకి చెప్పానుగా!"

"నాన్నకి చెప్పావా?"

"చెప్పాను."

అమ్మాయి ఆయన వైపు చూసింది. ఆయన నా వైపు చూశారు. నుదురు రుద్దుకుని, "అవును. చెప్పింది. నేనే మీతో అనడం మర్చిపోయాను" అన్నారు.

గట్టెక్కించాననుకున్నాను. లోలోపల కాస్త గర్వం కూడా కలిగింది.

ఆ మర్నాటి నుంచి ఆయన ఈల తీసి మనవరాలి మెడలో వేసేశారు. కాల్ టైములు లేవు, పిలుపులు లేవు. వియ్యాలవారు బయల్దేరేటప్పుడు కూడా అమ్మాయే అన్నీ చూసింది. నన్ను వదిలేసి వెళ్ళినందుకు సిగ్గుపడుతున్నారులే అనుకున్నాను. నాలుగు రోజులు పడనీ అని కూడా అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, భార్యని ఎడారిలో వదిలేసిన మొగుడు ఆ మాత్రం బాధపడితే తప్పేంటి?

హైదరాబాదు వచ్చేశాం. ఫిల్మ్‌నగర్‌లో మా వీధిలో ఎప్పట్లాగే పొద్దున్నే క్యారవాన్లు అడ్డంగా నిలబడి ఉన్నాయి. వాటిని తిట్టుకుంటూ స్కూలు బస్సు వెనక్కి వెళ్తోంది. అలాంటి గొడవ చూస్తే బాల్కనీలోంచే డ్రైవర్లకి దారి చెప్పే మనిషి, కాఫీ గ్లాసు పట్టుకుని ఊరికే కూర్చున్నారు.

"ఏమోయ్," అన్నారు, "అప్పుడు నేనెక్కడున్నాను?"

"ఎప్పుడండీ?"

"నువ్వు నాతో చెప్పినప్పుడు. కాసేపు కూర్చుంటానని. నేను జీపు దగ్గరున్నానా, దిబ్బ మీదున్నానా? నేను నీకు ఏమన్నాను?"

నేను కుర్చీ ఆయన వైపుకి తిప్పుకున్నాను.

"ఎంత వెతికినా దొరకట్లేదు" అన్నారు. "ఆ సాయంత్రం అంతా గుర్తుంది. అక్కయ్య ఏ శాలువా కప్పుకుందో గుర్తుంది. నీ మాట ఒక్కటే లేదు. పూర్తిగా పోయింది. అన్నయ్యకీ ఇలాగే మొదలై ఉంటుంది. అందుకని నేనే బంజారాహిల్స్‌లో డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. అమ్మాయికి చెప్పకు."

ఇన్ని రోజులూ ఆయన వెతుక్కుంటున్నది నేను అనని మాటని. కాపాడాననుకుని నేనే ఆయన్ని ఆ భయంలోకి తోసేశాను. లేచి వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను.

"నేను చెప్పలేదండీ."

"ఏంటి?"

"నేను మీకేమీ చెప్పలేదు. అమ్మాయి మిమ్మల్ని అలా చూస్తుంటే ఊరుకోలేక అబద్ధమాడాను. మీరు నన్ను వదిలేసి వెళ్ళిపోయారు. అంతే."

కాఫీ గ్లాసు పిట్టగోడ మీద పెట్టారు.

"అంటే నువ్వు చెప్పలేదు."

"లేదు."

"నేనే నిన్ను ఎడారిలో వదిలేసి వెళ్ళిపోయాను."

"నిక్షేపంగా వెళ్ళిపోయారు."

"హమ్మయ్య!" అన్నారు. భార్యని అడవిపాలు, ఎడారిపాలు చేసి అంత సంతోషించిన మొగుణ్ణి నేను ఇంకెక్కడా చూడలేదు. పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఆయన ఆగిపోయి, వేళ్ళు మడవడం మొదలెట్టారు. కెమెరా ఎక్కింది. కాస్ట్యూమ్స్ ఎక్కాయి. ఆర్టిస్టులు, డైరెక్షన్, సౌండ్. అందరూ పలికారు. మరి నువ్వేంటి, అన్నట్టు నా వైపు చూశారు.

"నువ్వు ప్రొడక్షన్ కదూ" అన్నారు నెమ్మదిగా. "ప్రొడక్షన్‌ని ఎవరూ పిలవరోయ్. పిలిచేదే మనం కదా. మనం ఉన్నామో లేదో చూసేవాళ్ళుండరు."

మనం అన్నారు. అన్నేళ్ళు ఆయన ఏ వేళకి వస్తారో తెలియక కంచం మూతపెట్టి ఎదురుచూసిన దాన్ని. నేను ఆయన యూనిట్లో ఉన్నానని ఆయన నోట వినడం అదే మొదటిసారి. ఏడుపొచ్చింది. ఆపుకోలేదు కూడా.

డాక్టరు దగ్గరికి మాత్రం వెళ్ళాం. అమ్మాయికి ఫోన్ చేసి, ఎడారిలో జరిగింది జరిగినట్టు ఆయన చేతే చెప్పించాను. డాక్టరుగారు వయసు సంగతి అన్నారు, కొన్ని పరీక్షలు రాశారు, ఆరు నెలలకోసారి వచ్చి కనిపించమన్నారు. బావగారి జబ్బు ఈయనకీ వస్తుందో రాదో, వస్తే ఎప్పుడో, డాక్టరుగారు చెప్పలేదు. ఎవరు చెప్పగలరు?

డాక్టరు దగ్గరికి బయల్దేరిన రోజు ఇంటి ముందు ఆటో వచ్చి ఆగింది. నేను ఎక్కి కూర్చున్నాను. ఆయన ఎక్కకుండా, ఆటో కమ్మీ పట్టుకుని, వీధంతా వినబడేలా కేకేశారు.

"ప్రొడక్షన్ ఎక్కిందా?"

వాచ్‌మన్ భార్య ముగ్గు వేస్తూ తలెత్తి చూసింది. నాకు సిగ్గేసింది.

"ఎక్కింది" అన్నాను, పక్కకి జరిగి. "మీరూ ఎక్కండి."