మంచు మీద నిలబడని కోచ్

నబీ రసూల్ పదకొండేళ్లు మంచు మీద జీతం తిన్నాడు. ఒక్కరోజు కూడా దాని మీద నిలబడలేదు.

కువైట్‌లో ఒక మాల్. మాల్ లోపల మంచు గచ్చు. పిల్లలు స్కేట్లు కట్టుకుని దాన్ని గీరేవారు. గంటకొకసారి నబీ రసూల్ బండి ఎక్కి ఆ గీతలను చదును చేసేవాడు. బండి దాకా రబ్బరు చాప పరిచి ఉండేది. చాప మీద నడిచి, మెట్టెక్కి, సీట్లో కూర్చునేవాడు. పని అయ్యాక అదే చాప మీద వెనక్కి వచ్చేవాడు. మిగతా సమయమంతా అద్దం వెనక కూర్చుని, ఐస్ హాకీ నేర్పే కోచ్‌ను చూసేవాడు. ఆ కోచ్ ఏదో చలి దేశం మనిషి. అతను అరిచే మాటల్లో ఒక్కటీ నబీ రసూల్‌కు అర్థం కాలేదు. అన్నీ కంఠతా వచ్చాయి.

తిరిగి వచ్చేటప్పుడు తోటి పనివాళ్లు ఒక జత స్కేట్లు బహుమతిగా ఇచ్చారు. భార్య మాబున్ని వాటిని ప్రొద్దుటూరు ఇంట్లో గుమ్మం పక్కన మేకుకు తగిలించింది. చూసినవాళ్లు ప్రశ్న వేసుకున్నారు. మంచు మీద ఆరితేరిన మనిషని చూసినవాళ్లే జవాబూ చెప్పుకున్నారు. నబీ రసూల్‌ను ఎవరూ అడగలేదు. అతను చెప్పలేదు.

జమ్మలమడుగు రోడ్డులో సుబ్బరాయుడి బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని దొరికింది. అక్కడా యంత్రమే, అక్కడా చదును చేయడమే. షెడ్డు నేల మొత్తం పాలిష్ పెట్టిన నాపరాయి. దాని మీద రాతి బురద నీళ్లు పడితే మేక కూడా నిలవదు. ఒక ఆదివారం పనివాళ్ల పిల్లలు కాళ్లకు సాక్సులు వేసుకుని ఆ నేల మీద జారుతున్నారు. నబీ రసూల్ చాలాసేపు చూశాడు. తర్వాత తనకు తెలియకుండానే ఒక చలి దేశపు మాట గట్టిగా అరిచాడు. పిల్లలు ఆగి చూశారు. మళ్లీ జారారు. ఈసారి కొంచెం వంగి జారారు.

ఐస్ హాకీ క్లబ్ అలా మొదలైంది.

మగపిల్లలు క్రికెట్ వదిలి రాలేదు. కాబట్టి అది ఆడపిల్లల జట్టు అయింది. వేప కర్రతో స్టిక్కులు. ట్రాక్టరు టైరు కోసిన ముక్క బంతికి బదులు. జారడం మొదలుపెడితే ఆగడానికి మార్గం లేదు. గోడ వెంట పేర్చిన రాతిపొడి సంచులకు గుద్దుకునేవారు. జట్టులో అందరికీ పోవడం వచ్చు. ఆపడం సంచుల పని.

గోల్‌కీపర్ మంజుశ్రీకి పద్నాలుగేళ్లు. పులివెందుల దగ్గర వాళ్లకు అరటి తోట ఉంది. ప్రతి ఆదివారం మొదటి బస్సుకు వచ్చేది. వచ్చేటప్పుడు పచ్చి అరటి బోదె పట్టలు కట్టగా తెచ్చుకునేది. వాటిని మోకాళ్లకు, మోచేతులకు చుట్టి గోనెతాడుతో బిగించుకునేది. సాయంత్రానికి అవి చితికి నారగా వేలాడేవి. కండక్టరు ఆ పిల్ల ఎవరింటికో కూరకు తీసుకుపోతున్నదని అనుకునేవాడు.

రెండేళ్లకు రాష్ట్ర పోటీలు వచ్చాయి. ఆంధ్రలో మంచు లేదు కాబట్టి హైదరాబాదులో, ఒక మాల్ లోపల పెట్టారు. వచ్చినవి రెండు జట్లు. అద్దె స్కేట్లు కట్టుకుని తొలిసారి మంచెక్కిన ప్రొద్దుటూరు జట్టు ఇరవై మూడు సున్నా తేడాతో ఓడి రెండో స్థానంలో నిలిచింది. వెండి పతకం ఇచ్చారు. మంజుశ్రీ మీదికి ఎనభై నాలుగు సార్లు కొట్టారు. అరవై ఒకటి ఆపింది. అన్ని ఆపే అవసరం అవతలి గోల్‌కీపర్‌కు రాలేదు. కాబట్టి ఉత్తమ గోల్‌కీపర్ మంజుశ్రీయే. ఆ అమ్మాయిని జాతీయ శిబిరానికి ఎంపిక చేశారు.

మైదుకూరు రోడ్డు మలుపులో ఫ్లెక్సీ లేచింది. క్లబ్ అధ్యక్షుడిగా సుబ్బరాయుడు అందులో నిలువెత్తున నవ్వాడు. మంజుశ్రీ అతని మోచేయి దగ్గర, పాస్‌పోర్టు ఫోటోలో ఉంది. సన్మానం కూడా చేశారు. నలభై మూడు డిగ్రీల ఎండలో నబీ రసూల్‌కు నాలుగు శాలువాలు కప్పారు. మర్యాద కోసం అతను ఒక్కటీ తీయలేదు.

ఆ వారమే ఉత్తరం వచ్చింది. సుబ్బరాయుడు దాన్ని పట్టుకుని పాలిష్ యంత్రం దగ్గరకు వచ్చాడు.

"నబీ, మిషన్ ఆపప్పా. ఐసు హాకీ సంఘం వాళ్లు రాసినారు. శిబిరం ఫారం మీద కోచ్ సంతకం గావల్లంట."

"పెడ్తా కదా అన్నా."

"ఊరికే పెడితే చెల్లదంట. కోచ్ ముందు మంచు మీద పరీక్ష పాసు గావల్లంట. ఒక చుట్టు తిరిగొచ్చి గీత మీద నిలబడల్ల. వచ్చే నెల ఇరవై రెండు, హైదరాబాదులో. ఫారం ఆ పొద్దే సాయంత్రం అయిదు లోపల ఇచ్చేయల్ల."

నబీ రసూల్ ఆ ఉత్తరాన్నే చూస్తున్నాడు.

"ఏందప్పా అట్ల జూస్తాండావు? పదకొండేండ్లు మంచు మీద ఉన్న్యోనికి ఒక చుట్టు ఏమంత?"

సుబ్బరాయుడు వెళ్లాక అతను యంత్రం వేయలేదు. పరీక్ష పోతే పోయేది తన పరువు ఒక్కటే అయితే భరించవచ్చు. పోయేది మంజుశ్రీ శిబిరం. జిల్లాలో ఇంకో కోచ్ లేడు.

ఆదివారం జట్టును సంచుల మీద కూర్చోబెట్టి నిజం చెప్పాడు. చెప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు.

పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందుగా మాట్లాడింది జట్టు నాయకురాలు హేమమాలిని.

"అంటే మాకు నేర్పిచ్చిందంతా కూచోని జూసిందేనా సార్?"

"అవునమ్మా."

"ఆ అరుపులకు అర్థం?"

"నాకూ తెల్దు."

మంజుశ్రీ మోకాలి పట్టల తాడు విప్పుతూ ఉంది. తాడు పక్కన పెట్టింది.

"అయితే మేం బాగానే నేర్చుకున్న్యాం సార్. ఇంగ మీరు నేర్చుకోండి."

"యాడ నేర్చుకోవల్ల పాపా? ఈడ ఐసు యాడుంది?"

"ఐసు ఫ్యాక్టరీలో ఉంది గదా," అన్నది హేమమాలిని. ఆ మాట రెండేళ్లుగా ఎవరికీ తోచలేదు.

సుబ్బరాయుడికి నిజం చెప్పక తప్పలేదు. అతను రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. అప్పటికే జాతీయ స్థాయి అని రెండో ఫ్లెక్సీ అచ్చు అయిపోయింది. కాబట్టి ఐసు ఫ్యాక్టరీ వాళ్లతో తనే మాట్లాడాడు.

తెల్లవారక ముందే ఇరవై ఐసు గడ్డలు ఊక కప్పుకుని వచ్చేవి. వాటిని ఫ్యాక్టరీ వెనక, బురద నీళ్ల కాలువ పక్కన పరిచే పని బేల్దారి ఫకీర్ సాహెబ్‌ది. నలభై ఏళ్లుగా ప్రొద్దుటూరులో సగం ఇళ్లకు బండలు పరిచింది అతనే. ఐసు గడ్డలను కూడా బండల్లాగే పరిచాడు. దారం కట్టాడు. రబ్బరు సుత్తితో తట్టాడు. సందుల్లో ఐసు పొడి కూరాడు. పన్నెండు అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు. సూర్యుడు పైకి వచ్చేదాకా అది మంచు. తర్వాత మిగిలిన ఐసును మైలవరం చేపలవాళ్లు తీసుకుపోయేవారు. తమ ఐసు మీద కత్తి గాట్లు ఎందుకుంటున్నాయని వాళ్లు అడగలేదు.

నబీ రసూల్ మేకు నుంచి స్కేట్లు దించుకున్నాడు. యాభై రెండేళ్ల మనిషి. చుట్టూ తొమ్మిదిమంది ఆడపిల్లలు. మాబున్ని టీ ఫ్లాస్కు పట్టుకుని గట్టు మీద కూర్చుంది.

"మోకాళ్లు వంచండి సార్."

"వంచినా."

"అది నడుం సార్."

మొదటి వారం పడ్డాడు. పడిన ప్రతిసారీ కుడివైపు కాలువలోకి జారిపోయాడు. రెండో వారం పడకుండా జారిపోయాడు. మూడో వారం ఒంటిని ఎడమకు బాగా వంచి, కుడికాలితో నెడుతూ పోతే కాలువలో పడకుండా పన్నెండు అడుగులూ దాటగలనని కనిపెట్టాడు. నెట్టడం ఆపితే పడతాడు. చివర్లో గోనెసంచులు ఉన్నాయి.

"ఏందయ్యా అట్ల వంకరగా పోతాండావు?" అన్నది మాబున్ని.

"మంచు మీద అట్లనే పోవల్ల."

"కువైట్‌లో అందరూ అట్లనే పోతారా?"

అతను జ్ఞాపకం చేసుకున్నాడు. అక్కడ ఎవరూ అలా పోలేదు. ఆ సంగతి చెప్పలేదు.

ఇరవై రెండో తేదీన మంజుశ్రీ, నబీ రసూల్, ఫకీర్ సాహెబ్ హైదరాబాదు చేరారు. ఫకీర్ సాహెబ్‌కు అక్కడ పని లేదు. తను ఇరవై ఒక్క రోజులు పరిచిన వస్తువు అసలుది ఎలా ఉంటుందో చూడాలన్నాడు.

చూశాడు. అద్దం దగ్గర నిలబడి చాలాసేపు చూశాడు. వంగి ఒక కన్ను మూసి చూశాడు. అతని ముఖం అసహ్యంతో ముడుచుకుపోయింది.

"ఎవడప్పా దీన్ని పరిచినోడు? వాటం ల్యాదు. నీళ్లు పోస్తే యాడికి పోతాయి?"

నబీ రసూల్ స్కేట్ల దారాలు కట్టుకోవడం ఆపాడు.

"మన ఐసుకు వాటం పెట్టినావా మామా?"

"పెట్టకుండా ఎట్ల పరుస్తారప్పా? రెండంగుళాలు వాలు, కుడిపక్క కాలవకు. నా జన్మలో వాటం ల్యాకుండా ఒక్క నేల పరచల్యా."

ముగ్గురూ అద్దం వైపు తిరిగారు. నబీ రసూల్ నేర్చుకున్నది మంచు మీద నిలబడటం కాదు. ఒక వాలు మీద నిలబడటం. ఎదురుగా ఉన్న మంచు పళ్లెంలో నీళ్లలా చదునుగా ఉంది. గడియారంలో నాలుగున్నర దాటింది.

పరీక్షాధికారి ఉత్తరాది మనిషి. హిందీలో మాట్లాడాడు. నబీ రసూల్ తన ఉర్దూలో బదులిచ్చాడు.

"ఒక చుట్టు తిరిగి, ఈ ఎర్ర గీత మీద ఆగాలి. పడకూడదు. అంతే."

"సరే సాబ్."

నబీ రసూల్ మంచు మీదికి అడుగుపెట్టాడు. ఒళ్లు దానంతట అదే ఎడమకు వంగింది. కుడికాలు నెట్టింది. వాలు లేని చోట ఆ వంపు అతన్ని సూటిగా పోనివ్వలేదు. ఎడమకు తిప్పింది. ఇంకా ఎడమకు తిప్పింది. చిన్న గుండ్రంలో తిరిగి ఎర్ర గీత దగ్గరికే వచ్చాడు. దాన్ని దాటి పోయాడు.

అధికారి కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

నబీ రసూల్ మళ్లీ వచ్చాడు. మళ్లీ పోయాడు. గానుగెద్దు కూడా అంత శ్రద్ధగా తిరగదు. నాలుగో చుట్టులో అధికారి తల ఎత్తాడు.

"చాలు. ఆగండి."

"రాదు సాబ్."

"ఏం రాదు?"

తర్వాతి చుట్టులో దగ్గరికి వచ్చాక జవాబు వచ్చింది. "ఆగడం."

ఆరు. ఏడు. ఒక్కో చుట్టుకూ నబీ రసూల్ కుడికాలి నెట్టుడు నెమ్మదిస్తోంది. నెట్టడం మానితే పడతాడు. పడితే పరీక్ష పోతుంది. మంజుశ్రీ అప్పటికే తలుపు తీసింది. పరీక్ష అయ్యాక సాధన చేయాలని రింకు వాళ్ల దగ్గర అద్దెకు తీసుకున్న ప్యాడ్లు ఆమె కాళ్లకు ఉన్నాయి. ఎర్ర గీత మీదికి వచ్చి మోకాళ్ల మీద కూర్చుంది. రెండు చేతులూ చాచింది.

"రాండి సార్," అన్నది.

"జరుగు పాపా! తగులుతుంది!"

"తగలనీండి. కాలు మాత్రం ఎత్తొద్దు."

అతను వచ్చి తగిలాడు. ఆమె భుజం అతని నడుములో దిగింది. ఇద్దరూ ఒక జానెడు వెనక్కి జరిగి నిలిచిపోయారు. ఆమె మోకాళ్ల మీద, అతను కాళ్ల మీద. స్కేట్లు రెండూ ఎర్ర గీతను తొక్కి ఉన్నాయి.

ఎవరూ కదల్లేదు. అధికారి దగ్గరికి వచ్చి గీతను చూశాడు. స్కేట్లను చూశాడు. జేబులోంచి నియమాల కాగితం తీసి ఒకసారి చదివాడు. వెనక పేజీ కూడా తిప్పి చూశాడు.

"ఒక చుట్టు తిరగాలి అని ఉంది. ఎంత పెద్ద చుట్టో లేదు. గీత మీద ఆగాలి అని ఉంది. ఎలా ఆగాలో లేదు." కాగితం మడిచి అడిగాడు. "మీకు స్కేటింగ్ ఎవరు నేర్పారు?"

నబీ రసూల్ కిందికి చూశాడు. "ఈ పాప."

"మీ జట్టుకు?"

"నేను."

అధికారి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఉత్తీర్ణుడు" అని రాసి, తేదీ వేసి, ముద్ర కొట్టాడు.

అద్దం వెనక ఫకీర్ సాహెబ్ పక్కనున్న కాపలాదారుకు నేల వాటం గురించి తెలుగులో చెబుతూనే ఉన్నాడు. కాపలాదారుకు తెలుగు రాదు. తల ఊపుతున్నాడు.

ఫారం ఇచ్చే కౌంటరు మెట్ల పైన ఉంది. నబీ రసూల్ స్కేట్లు విప్పలేదు. విప్పే వ్యవధి లేదు. మంజుశ్రీ భుజం పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కాడు. గుమాస్తా అద్దం సగం దించి ఉన్నాడు.

"టైం అయిపోయింది."

"ఇంగా రెండు నిమిషాలుండాయి సార్," అన్నది మంజుశ్రీ. తన చేతి గడియారాన్ని అతని ముక్కు దగ్గర పెట్టింది.

గుమాస్తా అద్దం పైకి ఎత్తాడు. ఆమె ఫారం పరిచి, సంతకం చోటు వేలితో చూపింది. నబీ రసూల్ పెన్ను పట్టుకున్నాడు. చలికి వేళ్లు బిగుసుకుపోయి పట్టు చిక్కలేదు. పెన్ను జారి బల్ల మీద పడింది. రెండోసారీ పడింది. మంజుశ్రీ అతని కుడిచేతిని రెండు చేతుల మధ్య పెట్టుకుని గట్టిగా రుద్దింది. పొయ్యి రాజేసినట్టు ఊదింది.

"ఇప్పుడు పెట్టండి సార్."

పెట్టాడు.

గుమాస్తా ఫారం తిప్పి చూశాడు. "పేరు కింద హోదా రాయాలి."

నబీ రసూల్ పెన్నును మళ్లీ గట్టిగా పట్టుకున్నాడు. తర్వాత చిన్నపిల్లాడిలా, ఒక్కో అక్షరమే దిద్దుతూ, కోచ్ అని రాశాడు.