గోడెక్కిన కుట్టుమిషను అత్తయ్య

ఇప్పుడు ఏ ఊరి సందులో ఏ గోడ మీద ఏ బొమ్మ ఉందో మంచం దిగకుండా ఫోనులో చూసేస్తున్నారు గానీ, ఓ పదేళ్ళ కిందట మా కోనసీమలో గోడంటే సిమెంటు ప్రకటన రాయడానికో, 'ఇచ్చట చెత్త వేయరాదు' అని బతిమాలుకోవడానికో తప్ప ఇంకెందుకూ పనికొచ్చేది కాదు. గోడ మీద మనిషి మొహం పెద్దగా కనిపించిందంటే ఆయన ఓట్లడగడానికైనా వచ్చి ఉండాలి, లోకాన్నైనా విడిచి ఉండాలి. ఈ సంగతి మా వైపు పుట్టిన ప్రతి మనిషికీ తెలుసు, నాకు తప్ప. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. అన్నీ తెలుసునన్న ధీమా, అడిగినదేదీ లేదని చెప్పలేని మొహమాటం, రెండూ కలిసి ఒక్క మనిషిలో కాపురం ఉండేవి.

దిండిలో ఓ రిసార్టులో అతిథుల మంచిచెడ్డలు చూసుకునే ఉద్యోగం నాది. ఆరు నెలలు చూసి పర్మినెంటు చేస్తామన్నారు, అందులో ఐదు నెలలు గడిచిపోయాయి. వారమంతా అక్కడే క్వార్టర్సులో ఉండి, ఆదివారం అమలాపురంలో మా అత్తయ్య ఇంటికి వచ్చేదాన్ని. అత్తయ్యంటే మా నాన్నగారి అక్క. మావయ్య చిన్నవయసులోనే పోతే కుట్టుమిషను తొక్కి సంసారం లాగింది, నన్ను డిగ్రీ దాకా చదివించింది కూడా ఆవిడే. ఆ సందులో అందరికీ ఆవిడ 'కుట్టుమిషను అక్కయ్యగారు'. వీధి వీధంతా ఆవిడ కుట్టిన జాకెట్లే తొడుక్కునేది, ఆవిడ తిట్లే తినేది. (జాకెట్టు ఇవ్వాల్సిన రోజుకి ఇచ్చేది కాదు గానీ, తిట్టు మాత్రం ఎప్పటిదప్పుడే ఇచ్చేసేది.) నాకు ఉద్యోగం స్థిరపడితే ఆ మిషను మూలన పెట్టించి, ఆవిడ మోకాళ్ళకి విశ్రాంతి ఇప్పించాలని నా ఆశ. అందుకే ఆ ఉద్యోగం పోతుందేమోనన్న ఆలోచన వస్తే నాకు అన్నం దిగేది కాదు.

అలాంటి రోజుల్లో హైదరాబాదు నుంచి ఒక మేడమ్‌గారు ఫోను చేశారు. ఆరుగురు స్నేహితులు వస్తున్నారట. "మేము ఏ ఊరెళ్ళినా సందుల్లో తిరిగి గోడల మీద బొమ్మలు చూస్తామమ్మా. మీ దగ్గర స్ట్రీట్ ఆర్ట్ ఏమైనా ఉందా?" అని అడిగారు. ఇంటికి రాబోయే మనిషి నోరు తెరిచి ఒకటి అడిగితే 'లేదు' అనడం మా గోదావరి వాళ్ళకి చేతకాదు. "ఆయ్! బోల్డన్ని ఉన్నాయండి. అమలాపురం నిండా అవేనండి" అనేశాను. పక్కనే ఉన్న మేనేజరు గారు కళ్ళజోడు తీసి నా వైపు చూశారు. "నేను ముప్ఫై ఏళ్ళ నుంచి అమలాపురంలో తిరుగుతున్నానమ్మా, నాకెక్కడా కనపళ్ళేదే?" అన్నారు. "మీరు స్కూటరు మీద వెళ్తారు కదండీ, నడిస్తే కనపడతాయండి" అన్నాను. ఆయన నెమ్మదిగా, "అలాగైతే చూపించమ్మా. వాళ్ళు మెచ్చుకుంటే నీ ఆర్డరు నేనే టైపు చేయిస్తాను. లేకపోతే..." అని ఆగి, బల్ల మీది పేపరు వెయిటు గుండ్రంగా తిప్పడం మొదలెట్టారు.

పది రోజుల గడువుంది. ఆ ఆదివారం పొద్దున్నే అమలాపురం సందులన్నీ కాలినడకన గాలించాను. చూడాలనుకుని చూస్తే బొమ్మలు లేకపోలేదు. జిమ్ము గోడ మీద ఓ కండలవీరుడున్నాడు, ఒక చెయ్యి రెండో చేతికంటే జానెడు పొడుగు. ఎలిమెంటరీ స్కూలు గోడ మీద కొబ్బరిచెట్టుంది, దాని పక్కనే అంతకంటే బాగున్న నిజం కొబ్బరిచెట్టుంది. చర్చి ప్రహరీ మీద కాపరి భుజాన ఉన్న గొర్రెపిల్ల మొహం అచ్చం మా వీధి కుక్కది. ఎరువుల కొట్టు గోడ మీద వరికంకి పట్టుకున్న రైతుకి ఎవరో సున్నం కొట్టేశారు, నవ్వు ఒక్కటే మిగిలింది. అన్నింటిలోనూ ఓ మూల వేలెడు చిలక బొమ్మ ఉంది. ఆ చిలక ఎవరిదని అడుక్కుంటూ వెళితే, మార్కెట్టు వెనకాల మోటారు సైకిళ్ళకి నంబరు ప్లేట్లు రాస్తున్న ఓ పెద్దమనిషి దగ్గర తేలాను. ఒకప్పుడు అందరూ ఆయన్ని 'బోర్డుల బాబాయి' అనేవారట. ఫ్లెక్సీలు వచ్చాక బోర్డులు పోయాయి, పేరొక్కటే మిగిలింది.

"గొర్రెపిల్ల కుక్కలా ఉందేంటి బాబాయిగారూ?" అని అడిగాను, మర్యాద లేకుండా.

"గొర్రె కదలకుండా కూకోదు కదమ్మా. కుక్కకి బిస్కట్టు ఏస్తే గంటసేపు కూకుంది" అన్నారాయన, ఏమాత్రం నొచ్చుకోకుండా.

నేను ఫోనులో పెద్ద పెద్ద నగరాల బొమ్మలు చూపించాను. మేడంత ఎత్తున మామూలు మనుషుల మొహాలు, చేపలమ్మే ఆవిడ, రిక్షా తొక్కే తాత. బాబాయి చాలాసేపు చూశారు. "దేవుళ్ళు ఒద్దా? లీడర్లు ఒద్దా? ఉత్త మనుషులేనా?" అన్నారు. "ఉత్త మనుషులేనండి. మా అత్తయ్యని గియ్యండి" అన్నాను. మా ఇంటి పక్కగోడ సందులోకి బోడిగా, విశాలంగా ఉంటుంది. పైగా అత్తయ్య ఆ వారం రామచంద్రపురంలో చెల్లెలి ఇంటికి వెళుతోంది. వచ్చేసరికి గోడ మీద తన బొమ్మ చూసుకుని మురిసిపోతుందని నా ఊహ. బాబాయి చేతులు ప్యాంటుకి తుడుచుకుని ఆవిడ పాస్‌పోర్టు ఫోటో అందుకున్నారు. "గోడ మీద కుంచె పెట్టి ఎన్నేళ్ళయ్యిందో తల్లీ. చెయ్యి తిరుగుద్దో లేదో" అన్నారు, ఫోటోని వెలుతురుకి పట్టి చూస్తూ. నేను మాత్రం పెద్ద ఆరిందాలా, "ఎవరడిగినా ఏమీ చెప్పకండి బాబాయిగారూ, సర్‌ప్రైజు" అని చెప్పి దిండి బస్సెక్కేశాను.

నాకు తెలియనిది ఒకటుంది. బోర్డులు పోయాక ఆయన పొట్టపోసుకున్నది పోయినవాళ్ళ ఫోటోలు పెద్దవి చేసి రంగులు వెయ్యడంతో. అందుకని చెయ్యి అలవాటు ప్రకారం పోయింది. పాస్‌పోర్టు ఫోటోలో ఊపిరి బిగబట్టిన మా అత్తయ్య గోడ మీద కూడా అలాగే మూతి బిగించి, చూపు ఎటో నిలిపి వెలిసింది. తల వెనక ఖాళీగా ఉందని ఆయన ఓ వెలుగు చక్రం పెట్టారు. అంచులు వెలితిగా ఉన్నాయని చుట్టూ మల్లెపూల దండ గీశారు. ఇంటికి తాళం, మనిషి జాడ లేదు, గోడ మీద ఈ బొమ్మ. దారినపోయేవాళ్ళు "ఇదేంటి బాబాయ్?" అని అడిగితే, ఆయన నాకిచ్చిన మాట ప్రకారం తల దించుకుని "నేనేం చెప్పకూడదండీ" అన్నారట. ఇక చెప్పడానికేం మిగిలింది?

అతిథులు రావడానికి ముందురోజు సాయంత్రం మా ఎదురింటి పోస్టాఫీసు పిన్నిగారి నుంచి నాకో మెసేజి వచ్చింది. "ధైర్యంగా ఉండు తల్లీ. మేమంతా ఉన్నాం." నా ఉద్యోగం సంగతి వీధికంతా తెలుసు కాబట్టి, ఎంత మంచివాళ్ళో అని కళ్ళు చెమర్చాయి. "రేపు పదింటికి వస్తున్నానండి, అందరూ రండి" అని జవాబిచ్చాను. (సందు కళకళలాడుతూ ఉంటే అతిథులకి బాగుంటుందని నా తెలివి.)

మర్నాడు పదింటికి వ్యాను సందు మొదట్లో ఆపించి, మేడమ్‌గారినీ ఆరుగురినీ వెంటబెట్టుకుని, వెనకాల మేనేజరు గారితో సహా సందు తిరిగాను. వీధి వీధంతా అక్కడే ఉంది. ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అరటిపళ్ళు, యాపిల్ పళ్ళు, బ్రెడ్డు పొట్లాలు అరుగు మీద పేర్చి ఉన్నాయి. గోడకి మేకు కొట్టి నిజం బంతిపూల దండ వేశారు, కింద అగరొత్తులు వెలుగుతున్నాయి. "ఓహ్, మీ దగ్గర బొమ్మలకి పూజ కూడా చేస్తారా!" అని మేడమ్‌గారు కెమెరా తీశారు. సంగతేమిటో నాకప్పుడు అర్థమైంది. సరిగ్గా అప్పుడే సందు రెండో వైపు ఆటో ఆగింది. చేతిలో సంచీతో మా అత్తయ్య దిగింది.

జనాన్ని చూసి ఆవిడ నెమ్మదిగా వెనక వరసలో చేరి, ముందున్న పోస్టాఫీసు పిన్నిగారి భుజం తట్టింది. "ఎవరు పోయేరండీ?"

పిన్నిగారు వెనక్కి తిరగకుండానే ముక్కు చీదుకున్నారు. "మన కుట్టుమిషను అక్కయ్యగారండి. రామచంద్రపురం ఎళ్ళిన మనిషి ఎళ్ళినట్టే పోయేరు. నా రెండు జాకెట్టు గుడ్డలూ ఆవిడ దగ్గరే ఉండిపోయేయండి."

"అయ్యయ్యో, ఎంత పని జరిగిందండీ!" అని అత్తయ్య కూడా సంచీ దించి కళ్ళొత్తుకుంది. రెండు క్షణాలయ్యాక ఆవిడ చెయ్యి ఆగిపోయింది. "ఏ కుట్టుమిషను అక్కయ్యండీ?"

పిన్నిగారు ఇటు తిరిగారు. ఆ తర్వాత ఆవిడ పెట్టిన కేక గురించి మా సందులో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ గందరగోళం సర్దుకునేసరికి అందరి చూపులూ నా మీదున్నాయి. అత్తయ్య గోడ చూసింది, దండ చూసింది, నన్ను చూసింది. చూపుడు వేలు లేచింది. "ఒసేయ్ పిల్లా! నిన్ను డిగ్రీ చదివించింది నన్ను గోడకి మేకు కొట్టి వేళ్ళాడదీయడానికటే? నేను రామచంద్రపురంలో ఉప్మా తింటా ఉంటే ఇక్కడ నాకు అగరొత్తులు ఎలిగిస్తావా? ఇప్పుడే సున్నం తెప్పించు. నా కళ్ళముందే కొట్టించెయ్యాలి!" అలా ఎంతసేపు తిట్టిందో నాకు తెలియదు. హైదరాబాదు వాళ్ళందరూ నోళ్ళు తెరుచుకుని చూస్తూ నిలబడ్డారు. మేనేజరు గారి చేతిలో పేపరు వెయిటు లేదు గానీ, వేళ్ళు గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయి.

ఒక పక్క రంగు డబ్బాల మధ్య కూర్చున్న బోర్డుల బాబాయి లేచి వచ్చారు. "తప్పు అమ్మాయిది కాదండి అక్కయ్యగారూ, నాదండి. అలవాటులో చక్రం పెట్టేసేను. తుడిచెయ్యమంటే తుడిచేత్తానండి. కాపోతే..." అని గోడ వైపు తిరిగారు. "ఇన్నేళ్ళకి గోడంత బొమ్మ గీసేనండి. ఒక్క పూట ఉంచుకోనిత్తారేమోనండి." ఆ మాటతో నా ఉద్యోగం నాకు గుర్తు లేకుండా పోయింది. నా గొప్ప కోసం నేను ఆయన చేతికి మళ్ళీ కుంచె ఇచ్చాను. ఇప్పుడు ఆయన చేతే సున్నం కొట్టించబోతున్నాను. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా.

అత్తయ్య నన్ను పట్టించుకోలేదు. గోడ దగ్గరికి వెళ్ళి బొమ్మని కింది నుంచి పై దాకా, కుట్టడానికి వచ్చిన గుడ్డని చూసినట్టు చూసింది. "జాకెట్టు చేతి కుట్టు సరిగ్గా గీసేడు" అంది. కాసేపయ్యాక, "ముక్కు కూడా బానే వచ్చింది" అంది. అప్పుడు పోస్టాఫీసు పిన్నిగారు భయం భయంగా, "మేం మాత్రం ఎందుకు నమ్మేం అక్కయ్యగారూ? చక్రం చూసి కాదండి. మీరు నోరు మూసుకుని ఉన్నారు కదండీ, అందుకండి" అన్నారు. ముందు నవ్వింది అత్తయ్యే.

"అయితే బాబాయ్, నోరు తెరిపించు" అంది.

ఆ పూటే, అందరూ చూస్తుండగా, ఆయన మా అత్తయ్య నోరు తెరిపించారు. చూపుడు వేలు పైకి లేపారు. మల్లెదండ చెరిపి మెడలో కొలతల టేపు వేశారు, వెలుగు చక్రానికి చువ్వలు గీసి కుట్టుమిషను చక్రం చేశారు. ఈలోగా పరామర్శకి వచ్చిన పళ్ళన్నీ అత్తయ్య కోసి అతిథులకి పెట్టింది, అందరికీ కాఫీలిచ్చింది. అరుగు మీద పెద్ద చర్చ కూడా నడిచింది. పరామర్శకి వెళ్ళొస్తే తలస్నానం చెయ్యాలి కదా, మరి పోయిన మనిషే ఎదురొచ్చి కాఫీ ఇస్తే చెయ్యాలా వద్దా అని. రిటైర్డు హెడ్మాస్టరు గారు బాగా ఆలోచించి, "కాఫీ తాగేసేం కాబట్టి అక్కర్లేదండి" అని తేల్చారు. వెళ్ళేటప్పుడు మేడమ్‌గారు నా చేతులు పట్టుకుని, ఇన్ని ఊళ్ళు తిరిగినా బొమ్మ వచ్చి బొమ్మ గీయించిన పిల్లని తిట్టడం ఎక్కడా చూడలేదన్నారు. మేనేజరు గారు ఆర్డరు టైపు చేయించారు. "ప్రతి బ్యాచికీ ఇలా ఒకరు పోవాలంటే కష్టం కదమ్మా" అన్నారంతే.

తర్వాత మా సందులో ఒక్కో ఇంటి వాళ్ళూ బాబాయిని పిలిపించుకున్నారు. అందరిదీ ఒకే షరతు, నోరు తెరిచి ఉండాలి. అందుకే ఇప్పటికీ మా గోడల మీద పోస్టాఫీసు పిన్నిగారు ఫోనులో మాట్లాడుతూ ఉంటారు, హెడ్మాస్టరు గారు కాఫీ ఊదుకుంటూ ఉంటారు, కొబ్బరికాయలు దింపే ఆయన ఆవలిస్తూ ఉంటాడు. అన్నింటికీ మూల వేలెడు చిలక. బాబాయి పోయేదాకా మళ్ళీ నంబరు ప్లేటు ముట్టుకోలేదు.

అత్తయ్య మిషను మూలన పెట్టించాను గానీ, ఆవిడ విశ్రాంతి తీసుకున్నదేమీ లేదు. నిరుడు వానల్లో నిద్రలోనే పోయింది. పక్క వీధుల వాళ్ళు నమ్మలేదు. ఒకసారి మోసపోయాం, మళ్ళీ పోమన్నారు. పైగా గోడ మీద తిడుతూనే ఉంది కదా అన్నారు. మూడో రోజుకి గానీ పళ్ళు పట్టుకుని రాలేదు. చుట్టాలు ఆవిడ ఫోటోతో ఫ్లెక్సీ కట్టిద్దామన్నారు గానీ నేనే వద్దన్నాను. మూతి బిగించుకున్న ఆ పాస్‌పోర్టు ఫోటోని మళ్ళీ చూడటం నావల్ల కాలేదు.

ఇప్పుడు నాకు నా సొంత వ్యానుంది. ప్రతి ఆదివారం బొమ్మలు చూడ్డానికి వచ్చినవాళ్ళని ఆ సందులోకి తీసుకెళ్తాను. అందరూ ఆ గోడ ముందే ఎక్కువసేపు నిలబడతారు. ఎండకి వేలి కొన కొద్దిగా వెలిసింది గానీ, నోరు మాత్రం చెక్కుచెదరలేదు. ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు.

"ఇంత కోపంగా ఎవర్ని తిడుతున్నారండీ ఈవిడ?"

"నన్నేనండి" అంటాను. ఆ మాట చెప్పేటప్పుడు ఇప్పటికీ తల దించుకునే నిలబడతాను.