ఖాలా కుదిర్చిన సుత్తి

తోలుపని నేర్చుకోవడానికి మా ఇంటికి వస్తున్న తుక్కుగూడ ఆవిడ మొన్న ఫోన్‌లో వరసగా పది సుత్తుల బొమ్మలు చూపించి, వీటిలో ఏది కొనమంటారని అడిగింది. ముందు మీ చెయ్యి చూపించండి అన్నాను. జాతకం చెబుతాననుకుందో ఏమో, అరచెయ్యి చాచింది. నవ్వొచ్చింది గానీ, ఆ మాట నాది కాదు. శంషాబాద్‌లో మా పక్క వాటాలో కిరాయికున్న పెద్దావిడది; ఉర్దూలో పిన్నమ్మ అన్నట్టు, ఆమెను ఖాలా అనేదాన్ని.

విమానాశ్రయంలో నా ఉద్యోగం పోయిన ఏడాది అది. నలభై దాటాక కొత్తగా ఏం వస్తుందిలే అనుకుంటూనే తోలు సంచులు కుట్టడం మొదలుపెట్టాను. మొదటి ఆర్డరు పన్నెండు భుజం సంచులు. కుట్టు రంధ్రాల కోసం, గోడకు మేకులు కొట్టే ఇనుప సుత్తితోనే, తోలుకు బెజ్జాలు పొడిచే ఇనుప పంచ్ మీద బాదేదాన్ని. నాలుగో సంచికల్లా పంచ్ తల చితికింది, నా మణికట్టు వాచింది. దవాఖానలో పది రోజులు పని మానమన్నారు. మానితే ఆర్డరుతో పాటు నా మీద నాకున్న కాస్త నమ్మకమూ పోతుందని భయం. కట్టు కట్టుకుని కొడుతూనే ఉన్నాను. నెత్తి మీద విమానాలు పోతున్నా హాయిగా నిద్రపోయే ఖాలా, ఒక మధ్యాహ్నం నా సుత్తి చప్పుడుకి లేచి వచ్చింది. పోట్లాటకేమోనని బెదిరాను. ఆమె పంచ్‌ని, నా కట్టుని మార్చి మార్చి చూసింది.

"ఇనుము మీద ఇనుముతోని కొడుతున్నవ్ బేటీ. దెబ్బ తోలుకు పోతలేదు, వాపస్ నీ చేతికే వస్తున్నది" అంది.

చనిపోయిన ఆమె భర్త టాంగా గుర్రాలకు జీన్లు కుట్టేవాడట. ఆయన కొయ్య సుత్తిని పెట్టెలోంచి తీసి నా చేతిలో పెట్టింది. రెండు దెబ్బలకే ఆ బరువు మోచేతిని లాగేసింది. ఖాలా వెంటనే దాన్ని వెనక్కి తీసుకుంది.

"ఇది ఆయన చేతిది. నీకు వేరే కావాలె. జర చెయ్యి చూపియ్యి."

నా పిడికిలిని దారంతో కొలిచి, మర్నాడు ఆటోలో కొత్వాల్‌గూడ వడ్రంగి దగ్గరికి తీసుకుపోయింది. చింతకొయ్యతో సుత్తి చేయించి, బరువు తగ్గేదాకా మూడుసార్లు చెక్కించింది. వడ్రంగి విసుక్కున్నా వినలేదు. నా ఇనుప సుత్తిని మాత్రం పారేయనివ్వలేదు. దాని ముఖం అంచులు ఆకురాయితో గుండ్రంగా అరగదీసి, జిగురు పెట్టిన అతుకులు అణచడానికి ఉంచుకోమంది. అంచు వాడిగా ఉంటే తోలు మీద నెలవంకల్లా మచ్చలు పడతాయట. దవాఖానలో చెప్పిన పది రోజులూ నన్ను దేన్నీ ముట్టనివ్వలేదు. ఆ పది రోజులూ మా ఇంటికి అన్నం, ఖట్టీ దాల్ అనే పుల్లటి పప్పు ఆమె వంటింట్లోంచే వచ్చాయి.

సంచులు ఆలస్యంగానే వెళ్ళాయి. పుచ్చుకున్నవాళ్ళు ఇంకో ఆరు అడిగారు. ఖాలా ఇప్పుడు బాలాపూర్‌లో కూతురి దగ్గర ఉంది. కొత్త సంచి ఏది పట్టుకెళ్ళినా కుట్లన్నీ వేలితో తడిమి ఊరుకుంటుంది; ఆమె మెప్పు అంతే. నేర్చుకునే వయసు దాటిపోయిందని నేననుకున్న రోజుల్లోనే, నా జీవితంలో అన్నిటికంటే ఎక్కువ కాలం చేసిన పని మొదలైంది.