సంసోను అయ్యగారికి నోరు రాని ప్రార్థన

మా సంసోను అయ్యగారు మొన్న గురువారం ప్రభువునందు నిద్రించారు. షాద్‌నగర్ ఆసుపత్రి నుంచి కబురు వచ్చేసరికి నేను బడిలో ఐదో తరగతికి లెక్కలు చెబుతున్నాను. సుద్దముక్క చేతిలోనే ఉంది. పిల్లలే నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు.

పేరుకు బైబిల్లోని మహాబలుడు సంసోను గానీ, చీమను తొక్కాలన్నా చేతకాని సాధుమూర్తి. ముప్పై ఏళ్లు మా ఊరి చర్చి సంఘానికి కాపరి. ప్రార్థన కోరేవాళ్లు చీటీలు వేసే విజ్ఞాపనల డబ్బాలో పడ్డ ప్రతి చీటీనీ ఉన్నదున్నట్టు పైకి చదివి, ఆ మాటనే దేవునికి విన్నవించేవారు. "రాసినోళ్ల కడుపుల బాధ నాకేమెరుక? వాళ్ల మాటతోనే అడగాలె" అనేవారు. ఎద్దు తప్పిపోయిందన్నా, అత్త మాట్లాడటం లేదన్నా అదే శ్రద్ధ.

నా తమ్ముడు సైన్యంలో ఉన్నాడు. పోయినేడాది సరిహద్దులో కాల్పులు మొదలై, వాడి నుంచి నాలుగు రోజులు ఫోను లేని ఆ ఆదివారం నేనూ ఒక చీటీ వేశాను. "ప్రభువా, శత్రువులందరూ సావాలె. మా తమ్ముడు బతకాలె." అయ్యగారు దాన్ని పైకి చదివి, మడిచి బైబిల్లో పెట్టుకున్నారు.

"తమ్ముని కోసం అడుగుతా. మొదటి మాటకు నాకు నోరు వస్తలేదు. ఆడ గూడ గిట్లనే ఓ అక్క ఉంటది" అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. "అయ్యగారూ, మీ కొడుకే ఆడుంటే గిట్లనే అంటరా?" అని నిండు గుడిలో అడిగి బయటికి నడిచాను. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

మర్నాడు పొద్దున్నే ఆయనే మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నారు. "బిడ్డా, నువ్వు రాసిన మాటే నా మనసుల గూడ ఉండె. అందుకే నోరు రాలే. శత్రువును ప్రేమించుమని ముప్పై ఏండ్ల సంది చెప్తున్న, ఒక్క దినం గూడ నాతోని కాలే" అని కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆ రోజు మధ్యాహ్నం తమ్ముడు ఫోన్ చేశాడు.

ఇప్పుడు మళ్లీ కాల్పులు మొదలయ్యాయి. తమ్ముడికి సెలవు దొరకలేదు. "అక్కా, అయ్యగారి మట్టికి, ఆఖరి చూపుకు రాలేకపోతున్న" అని ఫోనులో ఏడ్చాడు. "ఫోన్ చేసినప్పుడల్లా అయ్యగారు ఒక్కటే అంటుండె. నీ కోసం, నీ ఎదురుంగ నిలవడ్డోని కోసం రోజూ అడుగుతున్న అని. ఇగ ఆని కోసం ఎవరడుగుతరక్కా?"

నేనడుగుతానని చెప్పలేకపోయాను. అయ్యగారూ, మీరు ఓడిపోయానని ఏడ్చిన చోటికి మేమింకా చేరనే లేదు. నన్ను క్షమించండి. నాకు నా తమ్ముడొక్కడు బతికితే చాలు.